కరువు సీమలో ఒక విద్యార్థి సదస్సు

2016 నవంబర్ 8, రాత్రి 8 గంటలు. ఆ అర్ధరాత్రి నుంచి 500, 1000 రూపాయల నోట్లు చెల్లవని ప్రధాని టీవీలో ప్రకటించారు. సరిగ్గా ఆ సమయానికి హైదరాబాద్‌ హెచ్‌ఐసీసీలో ఓ పెద్ద అంతర్జాతీయ సమావేశం ముగింపుకొచ్చింది. ఇంటర్నెట్ చిరునామాల వ్యవస్థ బాగోగులు చూసే ‘ఐకాన్’ సంస్థ 57వ సమావేశమది. 3వ తేదీన మొదలై 9న ముగియాలి. దేశదేశాల నుంచి వచ్చిన అతిథులు, ఒకటి రెండు రోజుల్లో విమానం ఎక్కాల్సినవాళ్లు. వాళ్లు మార్చుకున్న రూపాయలు తెల్లారేసరికి ఆటోకీ టీకీ పనికిరాకుండా పోయాయి. నిజానికి ఆ సమావేశం హైదరాబాద్‌లో జరగాల్సిందే కాదు. పోర్టోరికోలోని శాన్ హువాన్‌లో పెట్టాలనుకున్నారు. అక్కడ జికా వైరస్ ప్రబలడంతో ఇక్కడికి మార్చారు.

అంతకు ఎనిమిదేళ్ల ముందు ఇదే హాల్లో, 2008 డిసెంబర్ 3 నుంచి 6 దాకా, ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో మూడో ఇంటర్నెట్ గవర్నెన్స్ ఫోరమ్ జరిగింది. ముంబయి దాడులు ముగిసి వారం కూడా కాలేదు. కొందరు ప్రయాణాలు మానుకున్నారు. అయినా 94 దేశాల నుంచి సుమారు 1,280 మంది వచ్చారు. ‘అందరికీ ఇంటర్నెట్’ అన్నది ఆ ఏటి అంశం. రోగాలు, దాడులు, రాత్రికి రాత్రి వచ్చే ప్రభుత్వ నిర్ణయాలు ఏ కార్యక్రమ పత్రంలోనూ అచ్చుకావు. సభ పెట్టేవాళ్లు మాత్రం వాటన్నిటినీ దాటుకునే సభ నడపాలి.

పెద్దల సభల మాట అలా ఉంచితే, ఐకాన్ సమావేశానికి ముందు అదే నగరంలో చిన్న కార్యక్రమం ఒకటి జరిగింది. దానిమీద పత్రికల దృష్టి పెద్దగా పడలేదు. పేరు ‘ఇండియా స్కూల్ ఆన్ ఇంటర్నెట్ గవర్నెన్స్’, క్లుప్తంగా ఇన్‌సిగ్. విద్యార్థులకూ ఈ రంగానికి కొత్తగా వచ్చినవాళ్లకూ ఇంటర్నెట్‌ను ఎవరు నడుపుతారు, నిబంధనలు ఎక్కడ తయారవుతాయి, మామూలు మనిషి అందులో ఎలా నోరు విప్పొచ్చు అని కొద్ది రోజుల్లో నేర్పే బడి. తొలి ఏడు హైదరాబాద్. 2017లో తిరువనంతపురం, 2018లో ఢిల్లీ, 2019లో కోల్‌కతా. ఇలాంటి బడి మొదట 2007లో జర్మనీలోని మైసెన్ అనే చిన్న పట్టణంలో మొదలైంది, 2009లో బ్యూనస్ ఎయిర్స్‌కు చేరింది. మైసెన్ పింగాణీకి పేరుబడ్డ పాత ఊరు. మహానగరం కాని చోట పెడితే పిల్లలు సభ వదిలి షాపింగ్‌కు పోరు, సాయంత్రాలు కూడా ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ గడుపుతారు. ఈ చిన్న సంగతి తర్వాత మనకు పనికొస్తుంది.

ఇన్‌సిగ్ నేర్పేది సాంకేతికత, ప్రభుత్వ విధానం కలిసే చోటునే. ఇంతకీ ఆ రెంటినీ కలిపి చదవడమంటే ఏమిటి? డ్యామ్ కట్టడం ఇంజినీరింగ్. ఎవరి పొలం మునగాలి, ఎవరి పొలం తడవాలి అని తేల్చడం విధానం. ఈ రెంటినీ ఒకే మనిషి అర్థం చేసుకోవాలన్న ఆలోచనతో అమెరికాలో 1970ల మధ్యలో ఎంఐటీ ‘టెక్నాలజీ అండ్ పాలసీ’ కోర్సు తెచ్చింది. అదే కాలంలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం ‘ఇంజినీరింగ్ అండ్ పబ్లిక్ పాలసీ’ విభాగం పెట్టింది. ఆ రెండో విశ్వవిద్యాలయం తెలుగువాళ్లకు బాగా తెలిసిందే. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి అక్కడే ఆచార్యులు. కృత్రిమ మేధలో అగ్రగణ్యుడైన ఆయన అమెరికా అధ్యక్షుడికి సమాచార సాంకేతికతపై సలహా ఇచ్చే కమిటీకి సహాధ్యక్షుడిగా పనిచేశారు. మన పల్లె పిల్లల కోసం 2008లో ట్రిపుల్ ఐటీలు వచ్చినప్పుడు వాటి వెనకా నిలబడ్డారు. యంత్రం, విధానం రెండూ ఒక మనిషిలో కలిస్తే ఎలా ఉంటుందో చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు.

ఈ రెండు రకాల చదువూ ఉన్న విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ విద్యార్థులు ఏటా ఒకచోట కలిసి తమ పరిశోధనలు చెప్పుకునే సంప్రదాయం అమెరికా, యూరప్‌లలో ఉంది. ఏడాదికొక విశ్వవిద్యాలయం ఆతిథ్యమిస్తుంది. బాధ్యత ఎక్కువగా విద్యార్థులదే. పెద్ద ప్రొఫెసర్లు వెనక వరుసలో కూర్చుంటారు. తెలుగునాట ఇలాంటి చదువుకు వేదికలు లేకపోలేదు. హైదరాబాద్‌లో 1956 నుంచి అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఉంది. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. 2021లో గీతం ప్రాంగణంలో కౌటిల్య పబ్లిక్ పాలసీ స్కూల్ మొదలైంది. అన్నీ హైదరాబాద్‌లోనే. అసలు లోపం అక్కడే ఉంది.

ఎందుకంటే ఈ విద్యార్థులు రాసే పత్రాల్లో చాలావాటి ముడిసరుకు రాయలసీమ పీఠభూమిది. ఉపాధి హామీ పథకాన్నే తీసుకోండి. 2006 ఫిబ్రవరి 2న దేశంలో ఆ పథకం మొదలైంది అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో. తొలి విడత 200 జిల్లాల్లో అమలైంది. ఆ ఏడాదే అనంతపురం జిల్లాలో కార్యకర్తలు ఊరూరా తిరిగి మస్టర్లు, కూలి చెల్లింపులు పనివాళ్ల ముందే చదివి వినిపించే సామాజిక తనిఖీ పెద్దయెత్తున చేశారు. 2009లో ఆ పని కోసం రాష్ట్రం ప్రత్యేకంగా ఒక సొసైటీనే పెట్టింది. ఆ తర్వాత వేలిముద్ర చూసి కూలి ఇచ్చే స్మార్ట్‌కార్డులు వచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 157 మండలాలు, కోటీ 90 లక్షల జనాభా ఉన్న ప్రాంతంలో ఆ కార్డులు ఏ మండలానికి ముందు, ఏ మండలానికి తర్వాత అన్నది లాటరీ పద్ధతిలో తేల్చి కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ అనే ఆర్థికవేత్తలు అధ్యయనం చేశారు. అది 2016లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో అచ్చయింది. కార్డుల అమలు అరకొరగానే సాగినా కూలి డబ్బు త్వరగా, ఇదివరకటికన్నా నమ్మకంగా చేతికొచ్చిందని, మధ్యలో కారిపోయేది తగ్గిందని, కూలీలకు మిగిలిన సమయం విలువ చూసుకున్నా ఖర్చు గిట్టుబాటైందని తేలింది. ప్రపంచమంతా విధాన పాఠాల్లో ఇప్పుడు ఆ పత్రం చదువుతారు. ఆ కార్డు మీద వేలు పెట్టిన కూలి మనిషి ఆ పాఠం ఎక్కడైనా విన్నదా అన్నది వేరే ప్రశ్న.

అందుకే ఇలాంటి విద్యార్థి సదస్సును హైదరాబాద్ నుంచి కదిలించి, మైసెన్ లాగే మహానగరం కాని లేపాక్షి లాంటి చోట పెడితే ఎలా ఉంటుందన్నది గట్టిగా ఆలోచించాల్సిన విషయం. లేపాక్షి అనగానే గుడి గుర్తొస్తుంది. విజయనగర రాజు అచ్యుతరాయల కాలంలో, 16వ శతాబ్దంలో, పెనుకొండలో అధికారం చూసిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయం. నేలను పూర్తిగా తాకని స్తంభం, నాట్యమండపం పైకప్పు మీద రంగుల బొమ్మలు, సగంలో ఆగిపోయిన కల్యాణ మండపం, ఊరి మొదట్లో ఒకే రాతిలో మలచిన పెద్ద నంది. 2022లో ఇది యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కింది. అనంతపురం జిల్లాలో ఉన్న ఈ ఊరు అదే ఏడాది కొత్త శ్రీసత్యసాయి జిల్లాలోకి వచ్చింది.

గుడి అందాలతో పాటు విధానం చదివే విద్యార్థి చూడాల్సింది మరొకటి ఉంది. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడం కాబట్టి 2010లో సవరించిన చట్టం ప్రకారం దాని చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం కూడదు. ఆపై మరో 200 మీటర్ల దాకా అనుమతి తీసుకునే కట్టాలి. ఆ పరిధిలో ఇల్లున్న కుటుంబం మేడ మీద ఒక గది వేసుకోవాలన్నా కాగితాలు పట్టుకు తిరగాలి. వారసత్వ రక్షణ అనే పెద్ద మాట ఊరి వీధిలో ఏ రూపం తీసుకుంటుందో గుడి ప్రహరీ పక్కన అరగంట నడిస్తే అర్థమవుతుంది.

రాకపోకలకు ఇబ్బంది లేదు. బెంగళూరు నుంచి 44వ నంబర్ జాతీయ రహదారి మీద వచ్చి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర పడమరకు తిరిగితే లేపాక్షి. అదే దారిలో ఇంకో 15 కిలోమీటర్లు పోతే హిందూపురం, అక్కడ రైల్వే స్టేషన్. గోరంట్ల మండలం పాలసముద్రంలో కస్టమ్స్, పరోక్ష పన్నుల అధికారులకు శిక్షణనిచ్చే జాతీయ అకాడమీ ‘నాసిన్’ ఉంది. 2024 జనవరి 16న ప్రధాని దాన్ని ప్రారంభించారు. అదే రోజు లేపాక్షి గుడికీ వచ్చారు. ప్రారంభం నాడు మన శిక్షణ అధికారులతో పాటు భూటాన్ సివిల్ సర్వీసు శిక్షణార్థులూ అక్కడున్నారు. రేపు పన్నులు వేసే విధానాలు నడిపేవాళ్లు ఆ గదుల్లోనే చదువుకుంటున్నారు. వాళ్లనూ, 1946లో మొదలైన అనంతపురం ఇంజినీరింగ్ కాలేజీ వారసత్వమున్న జేఎన్‌టీయూ విద్యార్థులనూ, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, 2018లో వచ్చిన కేంద్రీయ విశ్వవిద్యాలయం విద్యార్థులనూ ఒక గదిలో కూర్చోబెడితే చాలు, సదస్సుకు సగం బలం వచ్చినట్టే.

సభ పనిలో మొట్టమొదటిది హాలు బుక్ చేయడం కాదు, ప్రశ్న ఎంచుకోవడం. మన కాలేజీల్లో జరిగే సదస్సుల బ్యానర్లు చూస్తే ‘ఇటీవలి పోకడలు’, ‘సవాళ్లు, అవకాశాలు’ అన్న మాటలే కనిపిస్తాయి. అంశం అంత వెడల్పుగా ఉంటే ఎవరైనా ఏదైనా పంపొచ్చు, పంపుతారు కూడా. ఒకరి పత్రం మరొకరికి తగలదు, మాటకు మాట పుట్టదు. అదే ‘వాన కొలిచే యంత్రాన్ని నమ్మి రైతుకు బీమా ఇవ్వొచ్చా’ అని అడిగి చూడండి. వాతావరణ శాస్త్రం చదివినవాడు, గణాంకాలు చదివినామె, న్యాయశాస్త్ర విద్యార్థి, వ్యవసాయ కాలేజీ కుర్రాడు నలుగురూ దానికి జవాబు చెప్పగలరు, నాలుగు రకాలుగా చెప్తారు.

ఈ ప్రశ్న ఊహించి పెట్టింది కాదు. 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో బేసిక్స్ అనే సూక్ష్మరుణ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ బీమా కంపెనీ కలిసి దేశంలోనే తొలిసారి వాన ఆధారిత బీమా ప్రవేశపెట్టాయి. మరుసటి ఏడాది అది అనంతపురానికీ వచ్చింది. సూత్రం తేలికే. పంట పోయిందా లేదా అని పొలానికొచ్చి ఎవరూ చూడరు. వాతావరణ కేంద్రంలో నమోదైన వాన ఒక గీత కంటే తగ్గితే ఆ కేంద్రం కిందున్న పాలసీదారులందరికీ డబ్బు పడుతుంది. మోసానికి తావు తక్కువ, ఖర్చూ తక్కువ. చిక్కల్లా వాన తీరులో ఉంది. సీమలో మబ్బు ఒక ఊరి మీద కురిసి పక్క ఊరిని వదిలేస్తుంది. కేంద్రం దగ్గర మంచి వాన పడి, రైతు పొలంలో చెనిక్కాయ ఊడలు దిగకుండా ఎండిపోయినా లెక్క ప్రకారం పైసా రాదు.

జేవియర్ జినే, రాబర్ట్ టౌన్‌సెండ్, జేమ్స్ వికరీ అనే ముగ్గురు పరిశోధకులు 2004లో ఈ రెండు జిల్లాల రైతు కుటుంబాలను సర్వే చేశారు. ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. వాటిలో ఒకటి పుస్తకాల్లోని సిద్ధాంతానికి ఎదురుగా నిలబడింది. నష్టానికి ఎక్కువ భయపడే రైతే బీమా ఎక్కువ కొనాలి కదా. అలా జరగలేదు. భయం ఎక్కువున్నవాళ్లే తక్కువ కొన్నారు. బేసిక్స్‌తో ముందునుంచీ పరిచయమున్న రైతులు మాత్రం ఎక్కువ కొన్నారు. బీమా కాగితమే కొత్త ప్రమాదంలా కనబడితే భయస్తుడు దానికి దూరంగా జరుగుతాడు, తెలిసిన మనిషి చెప్తే దగ్గరికొస్తాడు. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ నేలలో, ఒకప్పుడు ఏడెనిమిది లక్షల హెక్టార్లలో చెనిక్కాయ వేసిన రైతుల మధ్య ఆ పత్రం చదివి వినిపిస్తే ఎదురయ్యే ప్రశ్నలు ఏ జర్నల్ సమీక్షకుడూ వేయలేడు. ఆ ప్రశ్నల కోసమే సభ ఇక్కడ పెట్టాలి.

కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రం కరువును తట్టుకునేలా తయారుచేసిన చెనిక్కాయ రకం ఒకటి ‘కదిరి లేపాక్షి’ పేరుతోనే రైతులకు అందింది. విత్తనం శాస్త్రం. దాన్ని ఎవరికి, ఎంత సబ్సిడీతో, ఏ వారంలో ఇవ్వాలన్నది విధానం. జూన్‌లో వాన పడ్డాక వారం ఆలస్యంగా అందిన విత్తనం ఎంత మంచిదైతే మాత్రం ఏం లాభం? ఒక్క పూటలో చర్చించి తేల్చదగ్గ అంశం కాదిది, అలాంటివే సదస్సుకు కావాలి.

భూమి సంగతీ ఉంది. 2000ల చివర్లో లేపాక్షి పేరు పెట్టుకున్న ఒక ‘నాలెడ్జ్ హబ్’ కోసం చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో 8,800 ఎకరాలకు పైగా భూమి కేటాయించారు. హబ్ రాలేదు, కేసులు నడిచాయి. అదే జిల్లాలో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2017లో ఒప్పందం కుదిరిన కియా కార్ల కర్మాగారం రెండేళ్లలో కార్లు బయటికి పంపింది. హంద్రీ-నీవా కాలువ నీళ్లు నిండే గొల్లపల్లి రిజర్వాయర్ నుంచి దానికి నీరు. రెండు కేటాయింపులు, రెండు దారులు. ఎందుకలా జరిగిందో రాయడానికి ఏ విద్యార్థికైనా ఏడాది పని.

సదస్సుల్లో ఒక రోజు ‘క్షేత్ర పర్యటన’ పెట్టడం మామూలే. బస్సెక్కి వెళ్లడం, ఫొటోలు దిగడం, భోజనం చేసి రావడం. దాన్ని సభలో అసలు భాగంగా మార్చాలంటే ఈ సీమలోనే ఒక నమూనా ఉంది. 2000ల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో, 600కు పైగా గ్రామాల్లో ‘రైతుల యాజమాన్యంలో భూగర్భ జలాలు’ అనే పథకం నడిచింది. రైతులే రోజూ వానమాపకం చూసి రాసుకున్నారు. పదిహేను రోజులకోసారి ఎంచిన బోర్లలోకి కొలత పరికరం దించి నీళ్లు ఎన్ని మీటర్ల లోతున ఉన్నాయో పట్టుకున్నారు. ఆ అంకెలు ఊళ్లో బోర్డు మీద అందరికీ కనబడేలా రాశారు. వానాకాలం ముగిశాక, రబీకి ముందు, ఊరంతా కూర్చునేది. ఈ ఏడు నేలలోకి ఇంకిన నీళ్లెన్ని, ఎవరెవరు ఏ పంట వేయాలనుకుంటున్నారు, ఆ పంటలన్నిటికీ ఎన్ని నీళ్లు కావాలి అని లెక్క గట్టేవారు. వరి వేస్తానన్న రైతు పేరు ఎదురుగా పెద్ద అంకె పడేది. కావలసిన నీళ్లు ఉన్న నీళ్లను మించితే ఆ సంగతి అందరి కళ్ల ముందూ ఉండేది. ఫలానా పంట వేయమని ఎవరూ ఆదేశించలేదు, సబ్సిడీలూ ఇవ్వలేదు. లెక్క చూసుకుని ఎవరి నిర్ణయం వాళ్లు తీసుకున్నారు. ప్రపంచ బ్యాంకు 2010లో భారత భూగర్భ జలాలపై తెచ్చిన నివేదిక ఈ ప్రయోగాన్ని ప్రత్యేకంగా పరిశీలించింది.

నిజం చెప్పాలంటే సాంకేతికత, విధానం కలిసిన వార్షిక సభ అదే. సమాచారం ఉంది, లెక్క ఉంది, వాదన ఉంది, నిర్ణయం ఉంది. 2002లో వచ్చిన ‘వాల్టా’ చట్టం బోర్లను నమోదు చేయమంటుంది, బోరుకూ బోరుకూ మధ్య దూరం పాటించమంటుంది. ఆ చట్టం చేయలేని పని ఊరి బోర్డు మీది అంకెలు కొన్ని చోట్ల చేయగలిగాయి. విద్యార్థి సదస్సు రెండో రోజు అలాంటి ఊళ్లో మొదలు కావాలి. రైతులు తమ లెక్క చెప్పాలి, విద్యార్థులు వినాలి, ఆ సాయంత్రం తమ పత్రాల్లో ఏం మార్చుకోవాలో చెప్పాలి.

ఇక పనుల సంగతి. ఏడాది ముందు మొదలుపెడితేనే అన్నీ సక్రమంగా కుదురుతాయి. పత్రాల పిలుపు ఎనిమిది నెలల ముందు వెళ్లాలి. సారాంశం 500 మాటలకు మించకూడదు. ఒక్కో సారాంశాన్ని ఇద్దరు చదవాలి, రాసినవాళ్ల పేరు, కాలేజీ పేరు కనబడకుండా చదవాలి. పేరున్న సంస్థ చూసి ఎంచితే కళ్యాణదుర్గం నుంచి వచ్చిన మంచి పత్రం పక్కకు పోతుంది. కాదన్న పత్రాలకు కూడా ఎందుకు కాదన్నారో నాలుగు వాక్యాలు రాసి పంపాలి. విద్యార్థికి అదే పెద్ద చదువు. ఈ పని చాలా సభలు చేయవు, చేస్తే మరుసటి ఏడాది వచ్చే పత్రాల తీరే మారుతుంది.

విదేశాల నుంచి ఎవరినైనా పిలవాలనుకుంటే వీసా పని అన్నిటికన్నా ముందు చూడాలి. మన దేశంలో అంతర్జాతీయ సదస్సుకు వచ్చేవాళ్లకు కాన్ఫరెన్స్ వీసా కావాలి, దానికి నిర్వాహకులు కేంద్ర ప్రభుత్వ అనుమతులు తెచ్చుకోవాలి. టికెట్ కొన్నాక వీసా రాకపోతే ఆ విద్యార్థి డబ్బు, మన మాట రెండూ పోతాయి. ఆ అనుమతి చేతికొచ్చాకే ఆహ్వానం పంపడం మేలు.

తేదీలు వ్యవసాయం చూసుకుని పెట్టాలి. జూన్, జూలైలో రైతు విత్తనం పనిలో ఉంటాడు. అక్టోబర్, నవంబర్‌లో చెనిక్కాయ పీకి, కట్టె ఎండబెట్టి, కాయ తెంపే హడావుడి. సంక్రాంతి వారంలో ఊరు ఊరంతా పండగలో ఉంటుంది. జనవరి చివర, ఫిబ్రవరి మొదట ఎండ ఇంకా ముదరదు, పనులు ఒక కొలిక్కి వస్తాయి, కాలేజీల పరీక్షలు కూడా దూరంగానే ఉంటాయి. లేపాక్షి ఉత్సవాలు ఆ రోజుల్లో పడకుండా కలెక్టరేట్‌లో ముందే కనుక్కోవాలి, లేకపోతే చుట్టుపక్కల ఒక్క గది దొరకదు.

వందమందికి మించితే ఊరు తట్టుకోలేదు. ఎనభై మంది చాలు. బస హిందూపురంలో, సభ లేపాక్షిలో అయితే రోజూ ఉదయం, సాయంత్రం రెండు బస్సులు కావాలి. హైస్కూల్ ఆవరణలో షామియానా, టెంట్‌హౌస్ కుర్చీలు, మైక్‌సెట్ తేలికే. జనరేటర్ మాత్రం ముందు రోజే తెప్పించి రెండు గంటలు నడిపి చూడాలి. మొబైల్ నెట్‌వర్క్ మీద ఆధారపడి ఆన్‌లైన్ ఉపన్యాసం పెట్టుకోవద్దు, ముందే రికార్డు చేయించి పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోవాలి. ఉదయం ఉగ్గాని, బజ్జీ. మధ్యాహ్నం రాగి సంగటి, చెనిక్కాయ చట్నీ, ఓళిగలు. ఊళ్లోని స్వయం సహాయక సంఘాల మహిళలకు వంట అప్పగిస్తే డబ్బు ఊళ్లోనే ఉంటుంది. సన్మానాలు, శాలువాలు, మెమెంటోలు పూర్తిగా ఎత్తేయాలి. ఒక సన్మాన సభకయ్యే ఖర్చుతో దూరప్రాంత విద్యార్థులు నలుగురికి రైలు టికెట్లు కొనొచ్చు. ప్రారంభోపన్యాసాలు ముప్పావు గంటలో ముగియాలి. ఈ మాట ముఖ్య అతిథికి ముందే మర్యాదగా చెప్పాలి. చెప్పడానికి చాలామంది వెనకాడతారు గానీ, తొలి రోజు ఉదయం మూడు గంటలు ఉపన్యాసాల్లో పోతే ఆ రోజు పత్రాలన్నీ పది నిమిషాలకు కుదించుకుపోతాయి.

భాష గురించి గట్టిగా ఆలోచించాలి. పత్రాలు ఇంగ్లిష్‌లో ఉంటాయి, ఉండనివ్వండి. కానీ ఎంపికైన ప్రతి పత్రానికీ ఒక పేజీ తెలుగు సారాంశం తప్పనిసరి చేయాలి. తెలుగు రాని విద్యార్థికి స్థానిక కాలేజీ విద్యార్థి ఒకరిని జత చేస్తే ఇద్దరూ కలిసి రాసుకుంటారు. ఇది సరిహద్దు సీమ, కన్నడం మాట్లాడే ఇళ్లూ ఎన్నో. హిందూపురం బజారులో కొన్ని బోర్డులు దూరం నుంచి చూస్తే ఏ లిపో వెంటనే తేలదు. రెండు లిపుల్లో గ, ర, ల లాంటి అక్షరాలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఈ పోలిక ఇంటర్నెట్ చిరునామాల్లో మోసానికి దారి తీయకూడదని ఐకాన్ కోసం పనిచేసిన నిపుణుల బృందం తెలుగు, కన్నడ లిపుల్లో ఒకదానికొకటి పోలిన అక్షరాలను గుర్తించి నియమాలు రాసింది. 2019లో వచ్చిన ఆ నియమావళిలో తెలుగు కూడా ఉంది. తెలుగులో ‘.భారత్’ చిరునామా 2011లోనే వచ్చింది. బజారులో నిలబడి ఆ రెండు బోర్డులు చూపిస్తూ చెప్తే ఈ పాఠం పిల్లలకు మరి మరిచిపోయేది కాదు. హైదరాబాద్‌లో పెద్దలు వారం రోజులు చర్చించిన వ్యవహారాల్లో ఇదీ ఒకటి.

డబ్బు ఎక్కడి నుంచి? పరిశోధన సంస్థల సదస్సు గ్రాంట్లు, ఆతిథ్య విశ్వవిద్యాలయం వాటా, స్థానిక బ్యాంకులు, కర్మాగారాల విరాళాలు. కంపెనీ డబ్బు తీసుకున్నప్పుడు ఒక షరతు కాగితం మీద ఉండాలి: ఏ పత్రం ఎంపికవ్వాలి, ఎవరు మాట్లాడాలి అన్నదాంట్లో దాత జోక్యం ఉండదు. భూమి, నీరు, బీమా మీద మాట్లాడే సభకు ఇది మరీ అవసరం. రిజిస్ట్రేషన్ ఫీజు విద్యార్థికి భారం కాకూడదు. అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల కాలేజీల నుంచి వచ్చేవాళ్లకు అది పూర్తిగా మాఫీ చేయొచ్చు.

ఇలాంటి వార్షిక సభలు చాలావరకు మూడో ఏటికో నాలుగో ఏటికో ఆగిపోతాయి. మొదలుపెట్టిన బ్యాచ్ పాసై వెళ్లిపోతుంది, వాళ్ల ఫోన్లలో ఉన్న నంబర్లూ వాళ్లతోనే పోతాయి. ఇన్‌సిగ్ ఊరు మారుతూ కొనసాగినా, విదేశీ విద్యార్థి సభలు ఆతిథ్యం చేతులు మార్చుకుంటూ నిలిచినా కారణం వెనక ఒక శాశ్వత బృందం ఉండడమే. కాబట్టి ముగింపు సాయంత్రమే వచ్చే ఏటి ఆతిథ్య కాలేజీని ప్రకటించాలి, ఆ కాలేజీ విద్యార్థులు ఇద్దరు ఈ ఏటి నిర్వాహక బృందంలో ముందునుంచే పనిచేసి ఉండాలి. నెల రోజుల్లోగా ఒక ఫైలు తయారవ్వాలి. అందులో రూపాయి రూపాయికి లెక్క, ఏ టెంట్‌హౌస్ మాట నిలబెట్టుకుంది, ఏ బస్సు ఆలస్యమైంది, ఏ సమావేశంలో ప్రశ్నలకు సమయం చాలలేదు, రైతులు ఏం అడిగారు, వాటిలో వేటికి జవాబు చెప్పలేకపోయాం అన్నవన్నీ ఉండాలి. ఫైలు ఒక ప్రతి వచ్చే ఏటి కాలేజీకి వెళ్తుంది. తెలుగు సారాంశాలన్నీ కుట్టిన పుస్తకం ఒకటి, జవాబు దొరకని ప్రశ్నల జాబితాతో సహా, విద్యార్థులు వెళ్లిన ఊరి గ్రామ సచివాలయానికి చేరుతుంది. ఆ జాబితాతోనే మరుసటి ఏడాది పత్రాల పిలుపు రాయడం మొదలుపెట్టొచ్చు.